రోమ్‌కు రండి, రూకలు తెండి

2023లో ఇటలీ ప్రభుత్వం ప్రపంచాన్ని తమ దేశానికి రమ్మని పిలిచింది. పిలవడానికి ఎవరిని పంపిందనుకున్నారు? సాక్షాత్తూ వీనస్ దేవిని! ఐదు వందల ఏళ్ళ కిందట చిత్రకారుడు బొట్టిచెల్లి గవ్వలో నిలబెట్టి గీసిన సుందరి. ఆమెకు ఈ కాలం బట్టలు తొడిగారు. ఒక బొమ్మలో చేతికి పిజ్జా ముక్క ఇచ్చారు. ఇంకో బొమ్మలో సైకిలిచ్చి రోమ్‌లో కొలోసియం ముందు నిలబెట్టారు. ప్రచారానికి కేటాయించింది 90 లక్షల యూరోలు. వీడియోలో ఓ చోట కుర్రకారు ఎండలో కూర్చుని, వైన్ తాగుతూ కులాసాగా నవ్వుతుంటారు. ఆహా, ఇటలీ అంటే ఇదీ అనుకున్నారు జనం. తీరా చూస్తే ఆ వైన్ తోట స్లొవేనియాలో ఉంది. పక్క దేశం! మన రియల్ ఎస్టేట్ బ్రోకర్లే నయం. బ్రోచర్ మీద సింగపూర్ బొమ్మ వేసినా, ప్లాటు షాద్‌నగర్ అవతల ఉందని ఏదో ఒక రోజు ఒప్పుకుంటారు.

సరే, దేవతే దిగొచ్చి పిలిచాక వెళ్ళకపోతే ఏం మర్యాద? మొగుడూ పెళ్ళాం, తొమ్మిదేళ్ళ పిల్లాడు, నానమ్మ. మొత్తం నాలుగు టికెట్లు. జీవితంలో ఒక్కసారి రోమ్ చూద్దామనుకున్నారు. నేరం అదే.

పిలిచిన దేవత గుమ్మం దగ్గర ఉండదు. గుమ్మం దగ్గర ఉండేది వీసా కౌంటర్. యూరప్‌లోకి రానిచ్చే షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 45. యూరో అంటే నూరు రూపాయలకు అటూ ఇటూ. లెక్క మీరే వేసుకోండి. దీని మీద దరఖాస్తులు తీసుకునే ప్రైవేటు కేంద్రం వారి సర్వీసు చార్జీ. అది వీసా ఫీజులో సగం దాకా ఉండొచ్చని యూరప్ నిబంధనే చెబుతోంది. దాని మీద ఎస్సెమ్మెస్ చార్జీ, కొరియర్ చార్జీ. ఇంకా మీకు గౌరవం కూడా కావాలంటే ప్రీమియం లాంజ్ చార్జీ. లాంజ్‌లో ఏముంటుంది? సోఫా ఉంటుంది. కాఫీ ఉంటుంది. వీసా వస్తుందన్న హామీ మాత్రం ఉండదు.

అసలు కౌంటర్ దాకా వెళ్ళనిస్తే కదా! స్లాట్ కావాలి. వెబ్‌సైటు తెరిస్తే ఖాళీ లేదంటుంది. పొద్దున లేదంటుంది. అర్ధరాత్రి లేదంటుంది. వీధి చివర ఏజెంటును అడిగితే మాత్రం "ఎల్లుండి పదిన్నరకు ఓకేనా సార్?" అంటాడు. వెబ్‌సైటుకు కనపడని స్లాటు ఏజెంటు కంటికి ఎలా కనపడుతోంది? దివ్యదృష్టా? అడిగేవాడు లేడు.

ఇక ఫైలు. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్. ప్రింటవుట్ చాలదు, బ్యాంకు ముద్ర పడాలి. ముద్ర ఉన్న సారు భోజనానికి వెళ్ళారు. ఐటీ రిటర్నులు, ఆఫీసు నుంచి సెలవు పత్రం, ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటారో వివరంగా టూర్ ప్లాను, 30,000 యూరోలకు తగ్గని బీమా. హోటలు బుక్ చేసుకుని రావాలి. రానూపోనూ విమానం రిజర్వేషను చూపించాలి. తీరా వీసా రాకపోతే? అది మీ ఖర్మ. రమ్మంటామో వద్దంటామో తర్వాత చెప్తాం, ముందు బ్యాగు సర్దుకో అంటే ఎవడైనా పిచ్చోడంటాడు. రాజముద్ర వేసి చెబితే నిబంధన అంటారు.

వేలిముద్రల గది సంగతి వేరు. నానమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. నలభై ఏళ్ళు కలుపు తీసి, పిడకలు కొట్టి, అంట్లు తోమిన చేతులు. గాజు పలక మీద పెడితే యంత్రం ఎర్రగా వెలిగి వద్దంటుంది. "గట్టిగా నొక్కండమ్మా" అంటుంది కౌంటర్ పిల్ల. నొక్కింది. మళ్ళీ ఎరుపు. తడి గుడ్డతో తుడిచారు. మళ్ళీ ఎరుపు. "అవి ఎప్పుడో అరిగిపోయినయి బిడ్డా, ఉంటే కదా పడేది" అంది నానమ్మ. ఐదోసారికి యంత్రానికి జాలేసింది. సంతోషించకండి. రోమ్‌లోని ఫ్యుమిచీనో విమానాశ్రయంలో దిగాక మళ్ళీ చేతులు పెట్టాలి, మొహం ఫొటో ఇవ్వాలి. 2025 అక్టోబరు నుంచి యూరప్ సరిహద్దుల్లో దశలవారీగా పాస్‌పోర్టు ముద్ర తీసేసి కెమెరా పెట్టారు. ప్రయాణం సులువు చేయడానికట!

2024లో మన దేశం నుంచి వెళ్ళిన షెంగెన్ దరఖాస్తులు 11 లక్షలు దాటాయి. తిప్పికొట్టినవి లక్షా 65 వేల పైచిలుకు. ఫీజు వెనక్కి ఇచ్చారా? ఆ మాట అనకూడదు. వద్దన్నందుకే వాళ్ళకు మన జనం కట్టింది నూరు కోట్ల రూపాయలు దాటింది. ఆలోచించండి. సినిమా హాలువాడు లోపలికి రానివ్వకపోతే టికెట్ డబ్బులు ఉంచుకుంటాడా? ఉంచుకుంటే ఊరుకుంటారా? పైగా కారణం ఎలా చెబుతారో తెలుసా? ముందే అచ్చేసిన కాగితం. గళ్ళుంటాయి. ఒక గడిలో టిక్కు పెడతారు. వాటిలో అందరికీ తెలిసిన గడి ఒకటుంది. వీసా గడువులోపు మీరు తిరిగి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదు అని దాని సారాంశం. నానమ్మ తిరిగి వెళ్ళదట! రెండు గేదెలు, ఎకరంన్నర పొలం, మనవరాలి ఓణీల ఫంక్షన్ వదిలేసి ఆవిడ రోమ్‌లో ఉండిపోయి ఏం చేస్తుంది? పిజ్జా సెంటర్ పెడుతుందా?

ఈ గొడవంతా మాకెందుకు, ప్యాకేజీ తీసుకుంటాం అంటారా? తీసుకోండి. పది రోజులు, ఏడు దేశాలు. రోమ్ వంతుకు అర పూట. ప్యాకేజీ కొన్న రోజే మన సర్కారు టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. ఆ తర్వాత రిటర్నులు వేసి అడుక్కోవాలి. బ్రోచర్ భాష నేర్చుకోవాలి మరి. "ఎంట్రీ" అంటే లోపలికి వెళ్తారు. "ఔట్‌సైడ్ వ్యూ" అంటే గోడ చూస్తారు. "ఫొటో స్టాప్" అంటే గోడ చూస్తూ ఫోన్ తీసేలోపు గైడు ఈల వేస్తాడు. "ఓరియెంటేషన్ టూర్" అంటే బస్సు అద్దంలోంచి రోమ్ సామ్రాజ్యం. పెద్ద టూరిస్టు బస్సులను 2019 నుంచి నగరం నడిబొడ్డులోకి రానివ్వడం లేదు. కాబట్టి దూరంగా దింపుతారు. నడవండి. నానమ్మ మోకాళ్ళకు బ్రోచర్‌లో ప్రత్యేక గడి లేదు. కానీ రాత్రికి ఇండియన్ డిన్నర్ మాత్రం గ్యారంటీ! రెండున్నర వేల ఏళ్ళు దాటిన నగరానికి మూడు గంటలు, జీరా రైస్‌కు రెండు గంటలు. ఈ పాపం కంపెనీదొక్కటేనా? ఏడు దేశాల స్టేటస్‌ల కోసం ఎగబడే మనది కాదూ?

ఇప్పుడు అసలు కథ. కొలోసియం.

దీన్ని మొదలెట్టింది వెస్పాసియన్ చక్రవర్తి. మహా లెక్కల మనిషి. తోళ్ళు నానబెట్టేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు వాడే మూత్రం మీద కూడా పన్ను వేసిన ఘనుడు. ఇదేం నీచం నాన్నా అని కొడుకు టైటస్ ముక్కు మూసుకుంటే, ఒక నాణెం అతని ముక్కు దగ్గర పెట్టి వాసనొస్తోందా అని అడిగాడట. రాలేదు. డబ్బుకు వాసన లేదని రోమ్ ఆనాడే కనిపెట్టింది. అంతటి పిసినారి కట్టించిన కొలోసియంలో కూడా జనం టికెట్ కొని చూడలేదు. క్రీ.శ. 80లో టైటస్ దాన్ని తెరిచి నూరు రోజులు ఆటలు ఆడించాడు. 80 ద్వారాలు. ద్వారం మీద అంకె చూసుకుని ఎవరి వాటా వాళ్ళు వెళ్ళి కూర్చున్నారు. ఆ అంకెలు కొన్ని కమానుల మీద ఈనాటికీ కనిపిస్తాయి. రక్తపాతం సంగతి పక్కన పెట్టండి. జనాన్ని లోపలికి పంపే ఏర్పాటు మాత్రం శుభ్రంగా ఉంది.

రెండు వేల ఏళ్ళు గడిచాయి. కంప్యూటరు వచ్చింది. అంతే, టికెట్ మాయం.

మామూలు టికెట్ 18 యూరోలు. ముప్పై రోజుల ముందు ఆన్‌లైన్‌లో వదులుతారు. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్ల దగ్గర రాటుదేలిన వేళ్ళు మనవి. అయినా ఓడిపోయాయి. ఎందుకని? ఎదురుగా ఉన్నది మనుషులు కాదు. రోబో ప్రోగ్రాములు. టూరు కంపెనీలు వాటితో టికెట్లన్నీ ఊడ్చుకుని, గైడు, ఆడియో, బస్సు, ఏదో ఒకటి తగిలించి, ఎన్నో రెట్లకు అమ్ముకున్నాయి. ఇది టూరిస్టుల ఏడుపు కాదు. ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ తేల్చిన నిజం. 2025 ఏప్రిల్‌లో దాదాపు 2 కోట్ల యూరోల జరిమానాలు వేసింది. ఆరు టూరు సంస్థలకు వడ్డించింది. అసలు వాత మాత్రం ఎవరికి? 1997 నుంచి టికెట్లు అమ్మే బాధ్యత చూసిన సంస్థకే. దానికి 70 లక్షల యూరోలు. రోబోలను ఆపలేదు సరికదా, బోలెడు టికెట్లు తన సొంత గైడెడ్ టూర్ల కోసం పక్కన పెట్టుకుందట. కంచే చేను మేస్తే కాపలాదారు ఎవరు? ఇరవై ఏడేళ్ళు ఎవరికీ కనపడలేదా? వచ్చిపోయిన సాంస్కృతిక మంత్రులంతా ఏం చూశారు? వీనస్‌నా?

పరిష్కారం కూడా ముందే కనిపెట్టారు. 2023 అక్టోబరు నుంచి టికెట్ మీద పేరుండాలి. గేటు దగ్గర గుర్తింపు పత్రం చూపాలి. రోబోకు పేరు పెట్టడం ఎంత పని? పేరులో ఒక అక్షరం తప్పు పడితే గేటు దగ్గర వణికేది మాత్రం మీరే. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. వినడానికి బాగుంది. పిల్లాడి ఉచిత టికెట్ చేతిలో ఉంది, అమ్మానాన్నల టికెట్లు లేవు. తొమ్మిదేళ్ళవాణ్ణి ఒక్కణ్ణే సింహాల బోను చూసి రమ్మని పంపుతారా?

పాంథియన్‌కు వెళ్దాం. హాడ్రియన్ చక్రవర్తి కట్టించిన గుడి. 609 నుంచి చర్చి. కప్పు మధ్యలో పెద్ద రంధ్రం. వాన పడితే లోపల నేల తడుస్తుంది. దేవుడి ఇంటికి టికెట్ ఏమిటని ఎన్నో ఏళ్ళు ఊరికే పంపారు. 2023 జులైలో 5 యూరోల టికెట్ పెట్టారు. 70 శాతం ప్రభుత్వానికి, 30 శాతం రోమ్ డయోసీసుకు. ప్రార్థనకొస్తే ఉచితం. కళ్ళు పైకెత్తి చూడ్డానికొస్తే డబ్బులు. భక్తుడెవడో యాత్రికుడెవడో తేల్చే యంత్రం ఇంకా రాలేదు, అదే అదృష్టం. ఎందుకీ రుసుం? వారసత్వ సంపద పరిరక్షణకట! పదిహేడో శతాబ్దంలో ఇదే పాంథియన్ వాకిట్లోని కంచు దూలాలు పీకించి, కరిగించి, ఫిరంగులు పోయించిన వాడెవడు? తురకవాడా, టూరిస్టా? ఎనిమిదో అర్బన్ పోపు గారు. కొలోసియం రాళ్ళు ఎటు పోయాయి? మీ మా గోడల్లోకి కాదు. రోమ్ రాజభవనాల్లోకి, చర్చిల్లోకి. రాళ్ళు మోసుకుపోయింది పెద్దలు, పరిరక్షణ ఫీజు కట్టేది నానమ్మ.

ట్రెవీ ఫౌంటెన్ కథ ఇంకా రసవత్తరం. వెనక్కి తిరిగి భుజం మీదుగా నాణెం విసిరితే మళ్ళీ రోమ్ వస్తారని నమ్మకం. ఏడాదికి పోగయ్యే చిల్లర 15 లక్షల యూరోలకు అటూ ఇటూ. అది కారితాస్ అనే క్యాథలిక్ సేవా సంస్థ ద్వారా పేదల అన్నానికి వెళ్తుంది. 2019లో నగరపాలక సంస్థ కన్ను దాని మీద పడింది. ఆ చిల్లర మాకే అంది. ఊరంతా ఛీ కొట్టేసరికి వెనక్కి తగ్గింది. తగ్గిందని మురిసిపోయారా? 2026 ఫిబ్రవరి నుంచి ఫౌంటెన్ గట్టు దగ్గరికి దిగాలంటే పొద్దున్నుంచి రాత్రి దాకా మనిషికి 2 యూరోలు. పేదల చిల్లర ముట్టుకోలేదు బాబూ, చిల్లర వేసేవాడి జేబు దగ్గరే కూర్చున్నారు.

స్పానిష్ మెట్లున్నాయి. 135 మెట్లు. మెట్లు దేనికి? ఎక్కడానికి, అలిసిపోతే కూర్చోడానికి. కూర్చుంటే 2019 నుంచి జరిమానా. 400 యూరోల దాకా పడొచ్చు. నగల కంపెనీ 15 లక్షల యూరోలు పెట్టి ఆ మెట్లు కడిగించింది మరి. ఇక రోమ్‌లో కూర్చోవాలంటే హోటల్లోనే కూర్చోవాలి. అక్కడ కుర్చీకి కూడా లెక్కుంటుంది. భోజనానికి కూర్చున్నందుకు వేసే "కొపెర్తో" అనే చార్జీని రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలో 2006లో చట్టం చేసి నిషేధించారు. భేష్! బిల్లులో అది పోయింది. "రొట్టె" అని ఇంకో గీత వచ్చింది. మీరు అడగని రొట్టె. 2019లో ఇద్దరు జపాన్ యువతులు రెండు ప్లేట్ల స్పగెట్టీ, చేప తిని నీళ్ళు తాగితే బిల్లు 429 యూరోలు. అందులో 80 యూరోలు టిప్పు. టిప్పు కూడా వాళ్ళే రాసేసుకున్నారు, మీకెందుకు శ్రమ అని.

సామాను దించుకున్న హోటల్లో ఇంకో చీటీ ఇస్తారు. సిటీ టాక్స్. ఆన్‌లైన్‌లో చూసిన ధరలో చాలాసార్లు ఇది ఉండదు. మూడు నక్షత్రాల హోటలైతే మనిషికి రాత్రికి 6 యూరోలు, నాలుగైతే ఏడున్నర, ఐదైతే 10. పదేళ్ళ లోపు పిల్లలకు లేదు, బతికించారు. ముగ్గురు పెద్దలు, నాలుగు రాత్రులు, మూడు నక్షత్రాలు. 72 యూరోలు. ఏడు వేల రూపాయల పైమాటే. దేనికి? నగర సేవలకు. ఏవయ్యా ఆ సేవలు? 2013లో మలాగ్రొత్తా చెత్త డంపు మూసేశారు, దానికి సరైన ప్రత్యామ్నాయం చూసుకోవడం మరిచారు. చెత్తకుప్పల కోసం అడవి పందులు పిల్లలతో సహా వీధుల్లోకి వచ్చాయి. వీసా అడిగారా వాటిని? 2018 మేలో నడి నగరంలో, ట్రెవీకి కూతవేటు దూరంలో సిటీ బస్సు భగ్గున తగలబడింది. అదే ఏడాది అక్టోబరులో రెపుబ్లికా మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ జారి జనం గాయపడితే, స్టేషన్ నెలల తరబడి మూతపడింది. మూడో మెట్రో లైను పనులు మొదలెట్టింది 2007లో. కొలోసియం దగ్గర స్టేషన్ తెరిచింది 2025 డిసెంబరులో. తవ్విన ప్రతిచోటా ఏదో శిథిలం బయటపడుతుంది, నిజమే. రోమ్ కింద రోమ్ ఉంటుందని తవ్వడానికి ముందు తెలియదా?

ఇంతకూ ఆ నగరంలో ఉండే మామూలు జనం బాగుపడ్డారా అంటే, అదీ లేదు. నడిబొడ్డులో ఇళ్ళన్నీ టూరిస్టులకు రోజువారీ అద్దెకు పోతున్నాయి. గుమ్మాలకు, గ్రిల్లులకు తాళంచెవుల పెట్టెలు వేలాడదీశారు. 2024లో కొందరు కుర్రాళ్ళు ఆ పెట్టెలు పాడుచేసి, రాబిన్‌హుడ్ టోపీలు తగిలించి పోయారు. ఇల్లు దొరక్క కడుపు మండినవాడి పని అది. అతని కోపం నానమ్మ మీద కాదు. నానమ్మ కోపం అతని మీద కాదు. ఇద్దరి జేబులూ కొట్టేవాళ్ళు మాత్రం ఒకచోటే కూర్చుని "ఓవర్ టూరిజం" మీద సదస్సులు పెడుతున్నారు. ఏసీ హాల్లో. కాఫీ విరామంతో.

మనవాళ్ళకూ ఒక మాట. 2023లో ఓ టూరిస్టు తాళంచెవితో కొలోసియం గోడ మీద తన పేరూ ప్రియురాలి పేరూ గీకుతూ వీడియోకు దొరికిపోయాడు. ఇంత పాత కట్టడమని తెలియదన్నాడు! ఆ మరుసటి ఏడాదే ఇటలీ జరిమానాను 60,000 యూరోల దాకా పెంచింది. గోల్కొండ గోడల మీద ప్రేమకథలు చెక్కి చేయి తిరిగిన వీరులెవరైనా ఉంటే, మేకులు ఇంటి దగ్గరే వదిలి వెళ్ళండి. అలాగే సూట్‌కేసులో నెయ్యి సీసా పెట్టకండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరు. ఆవకాయకు అభ్యంతరం లేదు.

అయినా వెళ్తారా? వెళ్ళండి. డబ్బు అడగని రోమ్ ఇంకా కొంత మిగిలింది. వీధుల్లో సుమారు 2,500 మంచినీటి కుళాయిలున్నాయి, చల్లటి నీళ్ళు రాత్రింబగళ్ళు పారుతూనే ఉంటాయి. ఖాళీ సీసా పట్టుకెళ్ళండి. సెయింట్ పీటర్స్ బసిలికా ప్రవేశం ఉచితం. "క్యూ లేకుండా పంపిస్తాం" అని టికెట్ అమ్మేవాడు కనిపిస్తే నమస్కారం పెట్టి పక్కకు తప్పుకోండి. భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి, నానమ్మ చీరకు ఆ బెంగ లేదు. సాన్ లుయీజీ దెయి ఫ్రాంచేజీ చర్చిలో కారవాజ్జో మూడు చిత్రాలు ఉచితం. లైటు వెలగాలంటే మాత్రం నాణెం వేయాలి. నెల మొదటి ఆదివారం కొలోసియం కూడా ఉచితం, పొద్దున్నే వెళ్ళి నిలబడాలి. నవోనా చౌకుకు దగ్గర్లో చేతులు విరిగిన, మొహం అరిగిన పాత విగ్రహం ఒకటుంది. పేరు పాస్క్వీనో. ఐదు వందల ఏళ్ళుగా రోమ్ జనం పోపులను, దొరలను, మంత్రులను తిడుతూ కాగితాలు రాసి అర్ధరాత్రి దానికి అంటిస్తున్నారు. ఇప్పటికీ అంటిస్తున్నారు. మీ చీటీ ఒకటి తెలుగులో రాసి పెట్టుకోండి.

ఇదంతా వీసా వస్తేనే. రాకపోతే భయపడకండి, అప్పీలు చేసుకునే హక్కు చట్టం మీకిచ్చింది. గడువు 60 రోజులు. ఇటాలియన్ లాయరు కావాలి. మీ కేసు వినాల్సింది లాత్సియో ప్రాంతీయ పరిపాలనా న్యాయస్థానం. అది ఉన్నది రోమ్‌లో.